రాయి కదల్లేదండి, కొల్లేరే కదిలింది

మీరు అడిగింది ఇదీ: మీ పట్టణంలో ఉన్న చెరువును శుభ్రం చేయించి, ఆక్రమణలు తీయించి, కట్ట మీద మినీ ట్యాంక్‌బండ్ కట్టిస్తామని ఇద్దరు అభ్యర్థులూ మాట ఇచ్చారు. పర్యావరణం విషయంలో రాజకీయ నాయకుల మాట అసలు నమ్మొచ్చా? నమ్మితే ఈ ఇద్దరిలో ఎవరిని నమ్మాలి?

"అందరూ దొంగలే" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు, మన దగ్గర దానికి చప్పట్లు కూడా పడతాయి. కానీ నేను ముప్పై ఏళ్లు సర్వే పనిలో ఉన్నాను, అందులో ఎక్కువ కాలం కొల్లేరు చుట్టుపక్కలే గడిచింది. గాలికి పోయిన హామీలు చూశాను, నిలబెట్టుకున్నవి చూశాను, నిలబెట్టుకుని రెండేళ్లకే తామే వెనక్కి లాక్కున్నవీ చూశాను. అందుకని నాయకుడు మంచివాడా కాదా అన్న లెక్క నేను వేయను. ఆ హామీ నెరవేరితే నష్టపోయేది ఎవరు, వాళ్ల ఓటు ఎక్కడ ఉంది, వాళ్ల నష్టం ఎవరు కడతారు? నేను చూసేది ఇదే. కొల్లేరు సంగతి చెప్తే నేనెందుకు ఇలా అంటున్నానో మీకే తెలుస్తుంది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా పదుల కొద్దీ డ్రైన్లు నీళ్లు తెచ్చి ఇందులో పోస్తాయి. బయటికి దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది దాదాపు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. ఇంత చదునైన చోట సరస్సుకు ఒడ్డు అంటూ ఒకచోట ఉండదు. నీళ్లు ఎక్కితే సరస్సు, దిగితే పొలం. అందుకే హద్దును కాంటూరుతో చెప్తారు, అంటే సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు వరకు అని. ప్లస్ 10 దాకా నిండితే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. ప్లస్ 5 దగ్గర 308. ప్లస్ 3 దగ్గర 135. ఐదుకీ మూడుకీ మధ్య తేడా రెండడుగులే, మనిషికి మోకాలు దాటి కాస్త పైకి వస్తుంది. ఆ రెండడుగుల్లో 173 చదరపు కిలోమీటర్ల భూమి ఉంది. పాతికేళ్లుగా కొల్లేరు రాజకీయమంతా ఆ మోకాటి లోతులోనే నడుస్తోంది.

1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి అక్కడ చేపల చెరువులు తవ్వించింది. పేదలకు ఉపాధి అన్నారు. మోసం చేద్దామని మొదలుపెట్టిన పని కాదని నా అభిప్రాయం. తర్వాత లీజులు వచ్చాయి, లీజుల మీద లీజులు వచ్చాయి, బయటి డబ్బు దిగింది. ఒకప్పుడు కిక్కిస దుబ్బుల మధ్య మావులు పెట్టి కొర్రమేను, ఇంగిలాయి పట్టుకుని బతికినవాళ్లు, అదే సరస్సులో ఇంకొకరి చెరువులో బొచ్చె, శీలావతి పట్టే కూలీలయ్యారు. 1999 అక్టోబరు 4న జీవో 120 వచ్చింది. ప్లస్ 5 కాంటూరు లోపలి 77 వేల ఎకరాలను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే ప్రపంచ స్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకి. కాగితం మీద ఇంతకంటే గట్టి హామీ ఇంకొకటి ఉండదు. చెరువుల గట్లు మాత్రం లేస్తూనే ఉన్నాయి.

ఆ రోజుల్లో ప్లస్ 5 గీత ఎక్కడ పోతుందో లెవెల్ పెట్టి చూసి, హద్దు రాళ్లు పాతే పని మాకు పడింది. ఒక లంక గ్రామం పక్కన నలుగురం దిగాం. దోనెలో రాళ్లు, ఒకరి భుజాన లెవెల్ స్టాండు, ఇంకొకరి చేతిలో స్టాఫ్ కర్ర. అక్కడ కాలు పెడితే పిక్క దాకా దిగబడుతుంది, స్టాండు మూడు కాళ్లూ ఒక్క నిమిషం నిలకడగా ఉండవు. రీడింగు తీసుకునేలోపు లెవెల్‌లో మట్టం చూపించే బుడగ పక్కకి జరిగిపోతుంది, మళ్లీ మొదటికి. పొద్దుగూకేదాకా తంటాలుపడి నాలుగంటే నాలుగు రాళ్లు పాతాం.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ అటు వెళ్తే ఒక రాయి పాతిన చోట లేదు. వంద గజాల లోపలికి, నీళ్ల వైపు, నిటారుగా నిలబడి ఉంది. దానికెవరో దోనె కట్టేసుకున్నారు. మేం పాతిన చోట కొత్త చెరువు గట్టు లేచింది. గట్టు మీద కూర్చుని వల అల్లుకుంటున్న పెద్దాయన్ని, "ఏం బాబాయ్, రాయి ఇలా వచ్చిందేంటి?" అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "రాయి కదల్లేదండి, కొల్లేరే కదిలిందండి" అన్నాడు.

నవ్వొచ్చింది. వచ్చి రిపోర్టు రాశాను. అది పైకి వెళ్లింది, పైనుంచి ఏమీ రాలేదు. ఆ చెరువు ఎవరిదో ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. అందులో రెండు పార్టీల వాళ్లకీ వాటాలు ఉండేవి. ఎన్నికలప్పుడు ఒకరి ఫ్లెక్సీ ఒకరు చించుకునేవాళ్లు, చేపలు పట్టే రోజు ఒకే లారీ దగ్గర నిలబడి లెక్క చూసుకునేవాళ్లు.

తర్వాత జరిగింది నేను ఊహించనిది. సుప్రీంకోర్టు, దాని కేంద్ర సాధికార కమిటీ గట్టిగా పట్టుబట్టాయి. 2006లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' నడిపింది. పొక్లెయిన్లు బారులు తీరి వచ్చి ప్లస్ 5 లోపల 40 వేల ఎకరాలకు పైగా చెరువుల గట్లు తెగ్గొట్టాయి. గట్టు తెగిన చోట నీళ్లు ఎలా పోతాయో చూశాను. మొదట సన్నటి ధార, తర్వాత మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడి పడటం, చివరికి లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే మట్టానికి వచ్చేసి గట్టు ఎందుకు ఉందో తెలియనట్టు నిలబడటం. పిల్లలు చొక్కాలు విప్పి చేపలు పట్టుకుంటున్నారు. వాళ్ల వెనకాల ఒకాయన తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆ రోజు నిజంగా అనిపించింది, మన దగ్గర కూడా జరుగుతుందన్నమాట అని.

రెండేళ్లు తిరక్కుండానే, 2008లో, అదే ప్రభుత్వ హయాంలో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది: కొల్లేరు అభయారణ్యాన్ని ప్లస్ 5 నుంచి ప్లస్ 3కి కుదించాలి. గట్లు కొట్టించినవాళ్లు, కొడుతుంటే గొడవ చేసినవాళ్లు, అందరూ కలిసి చేతులెత్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇది తెలిస్తే చాలా హామీల గుట్టు తెలుస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలి. రాష్ట్ర శాసనసభ తీర్మానంతో ఒక్క సెంటు కూడా అటూఇటూ కాదు. చేతులెత్తిన పెద్దలకు ఇది తెలియకుండా ఉంటుందా? తీర్మానం చేస్తే కొల్లేరు ఓట్లు తమవైపు, కేంద్రం ఒప్పుకోకపోతే తిట్లు ఢిల్లీకి. తర్వాత కేంద్రం అజీజ్ కమిటీని వేసింది, అది ప్లస్ 5 అలాగే ఉంచమంది. అయినా అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఏ ఎన్నిక వచ్చినా మైకులో కాంటూరు కుదింపు మాట వినపడుతూనే ఉంది. జెండా రంగు మారుతుంది, మాట మాత్రం అదే. 2025లోనూ ఈ హద్దుల గొడవ సుప్రీంకోర్టు ముందే ఉంది, సాధికార కమిటీ మళ్లీ వచ్చి చూసి వెళ్లింది.

ఇంత చెప్పాక, కుదించమని అడిగేవాళ్లందరినీ కబ్జాదారులనుకుంటే తప్పు. ఆ 77 వేల ఎకరాల్లో పద్నాలుగు వేల ఎకరాల పైచిలుకు జిరాయితీ ఉంది, అంటే తాతల నాటి పట్టా భూమి. నీ పొలం అభయారణ్యంలోకి వచ్చింది, చెరువు తవ్వకూడదు అన్నారు. సరే, దానికి నష్టపరిహారం? ఇరవై ఏళ్లు దాటినా తెగలేదు. అలాంటి రైతు కాంటూరు కుదిస్తానన్నవాడికి ఓటు వేయక ఏం చేస్తాడు? గట్లు కొట్టడం అయిదారు నెలల పని. ఆ తర్వాత జిరాయితీ వాళ్ల డబ్బు తేల్చడం, మత్స్యకారులకు వేట హక్కులు సరిగ్గా చూపించడం, ఉప్పుటేరు పూడిక తీయడం, హద్దు రాళ్లకు కాపలా పెట్టడం, ఇవి ఏళ్ల తరబడి చేయాల్సినవి. ఫోటోలకు పనికొచ్చేది మొదటిది, కొల్లేరుకు పనికొచ్చేవి మిగతావి. కూల్చిన చెరువులు చాలాచోట్ల మళ్లీ లేచాయంటే నాకు ఆశ్చర్యమేమీ అనిపించలేదు.

దీని బిల్లు ఎవరికి పడుతుందో చూడాలంటే విజయవాడ వెళ్లండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. డైవర్షన్ కాలువకు గండ్లు పడితే పూడ్చడానికి సైన్యాన్ని కూడా దించారు. అప్పుడే 'ఆపరేషన్ బుడమేరు' అన్న మాట వచ్చింది, ఆక్రమణలు తీసేస్తామని. తీస్తే సంతోషం. కానీ బుడమేరు చివరికి పోయేది కొల్లేరులోకే. కొల్లేరులో గట్లు అడ్డంగా ఉండి, ఉప్పుటేరు పూడిపోయి ఉంటే పైన కాలువ ఎంత వెడల్పు చేసినా నీళ్లు ఎక్కడికి పోతాయి? సింక్ పైపు మూసుకుపోతే కుళాయి మార్చినట్టే. వరద హామీలకు ఉండే జబ్బు ఏమిటంటే, బురద ఆరేలోపు జీవో రాకపోతే ఇక అది రాదు.

హైదరాబాద్ వైపు చూస్తే జీవో 111 ఇంకో మచ్చు. 1996 మార్చిలో ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల పరిధి, 84 గ్రామాలు, కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద పెద్ద కట్టడాలు రాకూడదు. మరుసటి ఏడాదే, 1997 జూలైలో, ఆ పది కిలోమీటర్ల లోపల పెట్టే ఒక నూనెల పరిశ్రమకు మినహాయింపు ఇస్తూ ఇంకో జీవో! ఆ మినహాయింపు చెల్లదని 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. తర్వాత 2018 ఎన్నికల్లో జీవో 111 ఎత్తేస్తామన్నది హామీ అయ్యింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించారు, 2023 మేలో పూర్తిగా ఎత్తేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. చూడండి, రక్షణ తీసేస్తామన్న హామీకి మాత్రం గుర్తుపెట్టుకుని మరీ కదలిక ఉంటుంది. ఎందుకంటే ఆ 84 గ్రామాల్లో ఎకరం ధర పెరిగితే లాభం ఎవరికో పేర్లతో సహా తెలుసు. జలాశయంలో నీళ్లు బాగుంటే లాభం నగరం అందరిదీ, అంటే ఎవరిదీ కాదు.

మరి నిలబెట్టుకున్నవి లేవా అంటే ఉన్నాయి. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. దాని వెనక చెంచుల పోరాటం ఉంది, ఊళ్లకు ఊళ్లు కదిలాయి, సినిమావాళ్లు కూడా గొంతు కలిపారు. వాళ్ల గెలుపును తక్కువ చేయను. కానీ రాజకీయంగా అది తేలికైన మాట కూడా. తవ్వేది కేంద్ర సంస్థ, తవ్వకం ఆగితే నష్టపోయే స్థానిక ఓటరు దాదాపు లేడు. మిషన్ కాకతీయ కూడా అలాంటిదే. 46 వేల పైచిలుకు చెరువులు బాగుచేస్తామని 2015లో మొదలుపెట్టారు. అన్నీ అనుకున్నట్టు కాకపోయినా, చాలా ఊళ్లలో పూడిక తీయడం నిజంగా జరిగింది. రైతే ట్రాక్టర్ తెచ్చుకుని మట్టి తోలుకెళ్లి పొలంలో వేసుకున్నాడు, మొక్కుబడి పని అయితే అలా తోలుకెళ్తాడా? పూడిక తీస్తే ఎవరికీ కోపం రాదు. అదే చెరువు శిఖం భూమిలో, అంటే నీళ్లు నిండే చోట, ఉన్న ఇళ్లో, వెంచరో తీయమనండి, ఆ ఉత్సాహం ఎక్కడుంటుందో చూద్దాం.

దేశం లెక్క చూసినా ఇదే దారి. బొగ్గు, గ్యాస్ కాకుండా వేరే వనరుల నుంచి కరెంటు తయారుచేసే సామర్థ్యం 2030కల్లా 40 శాతం చేస్తామని పారిస్ ఒప్పందంలో మాట ఇచ్చి, 2021లోనే అక్కడికి చేరాం. సోలార్ ప్యానెళ్లు చవకయ్యాయి, పెట్టుబడి పెట్టినవాడికి డబ్బు వస్తోంది, అందుకే చేరాం. నదుల శుద్ధికి అలా ఎగబడే పెట్టుబడిదారుడు లేడు.

అన్నట్టు, ఫ్లెక్సీల సంగతి మర్చిపోయాను. 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఆంధ్రప్రదేశ్‌లో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని ప్రకటించారు. నవంబరు నుంచి అన్నారు, తర్వాత గడువు జనవరి 26కి జరిపారు. 2024 ఎన్నికల్లో ఏ పార్టీ ఊరేగింపులో అయినా గుడ్డ బ్యానర్ ఎక్కడైనా కనపడిందా మీకు? ఇది ఒక పార్టీని అనడం కాదు. కొల్లేరుకు కనీసం రైతు అడ్డం, పరిశ్రమ అడ్డం అని చెప్పుకోవచ్చు. ఫ్లెక్సీ దగ్గర అడ్డం తమ బొమ్మే. పుట్టినరోజు ఫ్లెక్సీ వద్దని కార్యకర్తకు చెప్పలేనివాళ్లు, చెరువులో అపార్ట్‌మెంట్ కట్టినవాడికి ఏం చెప్తారు?

ఇక మీ చెరువు. ముందు ఆ హామీని రెండు ముక్కలు చేయండి. మినీ ట్యాంక్‌బండ్ అంటే రెయిలింగు, లైట్లు, నడిచే బాట, ఒక బతుకమ్మ ఘాట్, సెల్ఫీ తీసుకోడానికి పెద్ద అక్షరాల్లో ఊరి పేరు. అది ఇద్దరిలో ఎవరు గెలిచినా కడతారు, మీకు టెన్షన్ అక్కర్లేదు. కాంట్రాక్టు ఉంది, శిలాఫలకం ఉంది, అడ్డు చెప్పేవాడు లేడు. అందులో తప్పేమీ లేదు, సాయంత్రం పూట ముసలివాళ్లు నడుస్తారు. కాకపోతే కొన్నిచోట్ల ఆ బాట కోసమే చెరువులో మట్టి పోసి నీళ్ల జాగా తగ్గించారు, అది మాత్రం కనిపెట్టి ఉండండి. శుభ్రం చేయడం, ఆక్రమణలు తీయడం అన్న రెండో ముక్కే అసలు హామీ.

దాని కోసం మీటింగులో ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడగండి: చెరువులోకి మురుగు తెస్తున్న కాలువను ఎక్కడికి మళ్లిస్తారు? ప్రతి ఊళ్లోనూ చెరువు చెడేది అక్కడే. ఎంత గుర్రపుడెక్క పీకినా, మురుగు వస్తున్నంత కాలం ఆర్నెల్లలో మళ్లీ పచ్చగా పరుచుకుంటుంది. "అన్నీ చూసుకుంటాం" అంటే అక్కడితో వదిలేయండి. "ఫలానా వీధి చివర నుంచి పైపు వేయాలి, మధ్యలో ఫలానావాళ్ల స్థలం అడ్డం వస్తుంది, ట్రీట్‌మెంట్ ప్లాంటు ఇక్కడ పెట్టాలి" అని చెప్పగలిగితే ఆయన ఆ పని గురించి ఒక రాత్రైనా ఆలోచించాడని అర్థం. ఎవరి స్థలం అడ్డం వస్తుందో మైకులో చెప్పినవాడు కొన్ని ఓట్లు పోతాయని తెలిసే చెప్తాడు. నేనైతే ఆయనకే వేస్తాను, పార్టీ ఏదైనా సరే.

గెలిచాక మీ పని మొదలవుతుంది. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయన్న గీత, మీ చెరువుకు నోటిఫై అయ్యిందో లేదో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కనుక్కోండి. ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే ఉంటే సంబరపడకండి. తుది నోటిఫికేషన్ లేని చెరువు విషయంలో, ఆక్రమణ తీయొద్దని కోర్టుకు వెళ్లినవాడికి సగం కేసు ముందే గెలిచినట్టు. చెరువు పది హెక్టార్లు దాటితే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. ఆ మ్యాపు కాపీ సర్వే నంబర్లతో సహా తీసుకుని దగ్గర పెట్టుకోండి. బడ్జెట్‌లో ఎంత కేటాయించారన్నది పేపర్లో వస్తుంది. మీరు అడగాల్సింది ఎంత విడుదలైంది అని. ఈ రెండు అంకెల మధ్య తేడా చూస్తే మీకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

ఒకవేళ సర్వేవాళ్లు వచ్చి హద్దు రాళ్లు పాతితే ఆ రోజే వెళ్లి ఒక్కో రాయికి ఫోటో తీసుకోండి. రాయి ఒక్కదాన్నే తీయొద్దు. వెనకాల జరపడానికి వీల్లేనిది ఏదైనా పడాలి, గుడి గోపురమో, కరెంటు టవరో, అలుగో. తేదీ పడేలా చూసుకోండి. ఆ లంక గ్రామంలో మేం ఈ పని చేయలేదు.